నాలుగు మార్కుల వ్యాసం



పరిసరాల పరిశుభ్రతను గురించి పిల్లల చేత వ్యాసం రాయించని తెలుగు ఉపాధ్యాయుడు మనలో బహుశా ఒక్కరూ ఉండరు. "ఆరోగ్యమే మహాభాగ్యము" అని మొదలవుతుంది. నడుమ ఈగలు, దోమలు, కలరా వస్తాయి. "కావున మనమందరము" అని ముగుస్తుంది. నేనూ ఎన్నో ఏళ్ళుగా హోసూరు ప్రాంతపు పిల్లల చేత అదే వ్యాసం రాయిస్తూ, దానికే మార్కులు వేస్తూ వచ్చాను. ఆ అలవాటు ఎలా తప్పిందో మీతో చెప్పుకోవాలని చాలా కాలంగా అనుకుంటున్నాను. చెప్పుకోవడానికి కొంత సిగ్గుగా ఉండటం వల్లనే ఆలస్యమైంది.

2019 ఆగస్టులో ఏడవ తరగతికి ఎప్పటిలాగే ఆ అంశమే ఇచ్చాను. తరగతిలో ఉన్నది పంతొమ్మిది మంది. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం తరువాత మా పిల్లలకు ఒకటవ తరగతి నుండి తమిళం తప్పనిసరి అయిన సంగతి మీకు తెలిసినదే. తెలుగు చదివే పిల్లవాడు అందరికంటే ఒక పుస్తకం ఎక్కువ మోస్తున్నాడన్నమాట. అటువంటి పిల్లలు తెలుగులో రాసే ప్రతి వాక్యమూ అపురూపమని సభల్లో నేను చాలాసార్లు చెప్పి ఉన్నాను. ఆ మాట గుర్తుంచుకొని తరువాతి సంగతి చదవండి.

పద్దెనిమిది వ్యాసాలు ఈగలతోనూ దోమలతోనూ నిండి ఉన్నాయి. పంతొమ్మిదవది ఒక ఆడపిల్లది, తొమ్మిది పంక్తులు మాత్రమే. అందులో కొంత భాగం ఇలా ఉంది: "కసువు బీదిలో యేయకూడదని మా సారు చెప్పినారు. సారు బాగలూరు బస్సులో టీ తాగి లోటాని కిటికీలోనుంచి బయట యేసినారు. అది మేక దగ్గర పడింది. మేక మూతి పెట్టి చూసి పోయింది."

నేను ఎర్ర సిరా కలం తీసుకున్నాను. "కసువు" కొట్టివేసి "చెత్త" అని రాశాను. "బీది" కొట్టివేసి "వీధి" అన్నాను. "యేసినారు"ను "వేశారు" చేశాను. ఉపోద్ఘాతం లేదు, ముగింపు లేదు అని పక్కన రాసి, పదికి నాలుగు మార్కులు వేశాను. మేకను గురించి గానీ, లోటాను గురించి గానీ ఒక్క అక్షరం రాయలేదు. అక్షరదోషాలు సవరిస్తున్నంతసేపూ నేను నిష్పాక్షికంగానే ఉన్నానని నమ్మాను. ఉపాధ్యాయులకు ఈ సౌకర్యం ఒకటి ఉన్నది. విషయం నచ్చనప్పుడు భాష దిద్దుతాము.

తల్లిదండ్రుల సమావేశం నాడు ఆ పిల్ల తల్లి వచ్చింది. పూలు కట్టి అమ్ముకునే ఇల్లాలు. మా వైపు చాలా ఇళ్ళలో వలె ఆమెకు మాట తెలుగు, అక్షరం తమిళం. కూతురు పుస్తకం తెరిచి, ఎర్ర గీతలు చూసి, "నాలుగేనా సార్? ఏం తప్పు రాసింది? కొంచెం చదివి చెప్పండి, నాకు తెలుగు అక్షరాలు రావు" అన్నది.

చదవడం మొదలుపెట్టాను. మొదటి వాక్యం చదివాను. రెండవదీ మూడవదీ వదిలిపెట్టి మేక దగ్గరికి వెళ్ళాను. ఆ పిల్ల తల్లి చీర కొంగు పట్టుకొని నిలబడి నా ముఖంలోకి చూసింది. ఏమీ అనలేదు. తాను రాసిన వాక్యాలు ఎన్నో దానికి తెలుసు గదా. నేను ఆగి, మళ్ళీ మొదటి నుంచి, అన్ని వాక్యాలూ చదివాను. వింటున్న తల్లి ముఖం పాలిపోయింది. "చిన్నపిల్ల సార్, తెలియక రాసింది, మనసులో పెట్టుకోవద్దండి" అంటూ కూతురి వీపు మీద ఒకటి వేసింది. పారేసినవాడిని నేను, రాసిన పిల్లకు దెబ్బ, క్షమాపణ చెప్పుకున్నది తల్లి. మిత్రులారా, ఇంతకాలపు ఉద్యోగంలో నాకు అంత సిగ్గు కలిగిన క్షణం మరొకటి లేదు.

కొట్టవద్దమ్మా, పిల్ల నిజమే రాసింది అని చెప్పి, నాలుగు కొట్టివేసి ఎనిమిది చేశాను. అప్పుడా పిల్ల నోరు విప్పి అడిగింది: "సార్, కసువు తప్పా?"

తప్పు కాదు. ఇంటికి వెళ్ళి నిఘంటువు తీశాను. కసవు అనే రూపంతో అది నిక్షేపంగా ఉన్నది. అర్థాలు రెండు: గడ్డి అనీ, చెత్త అనీ. రాయలసీమలోనూ మా హోసూరు పల్లెల్లోనూ తెల్లవారితే "కసువు ఊడ్చినావా?" అన్న మాట వినబడని ఇల్లు ఉండదు. నా చిన్ననాటి మాటను నేనే కొట్టివేశాను. ఒకే మాటకు గడ్డి, చెత్త అనే రెండర్థాలు ఎలా కుదిరాయా అని ఆ రాత్రి ఆలోచిస్తూ ఉంటే మా నాయనమ్మ గుర్తుకు వచ్చింది.

మా నాయనమ్మ తెల్లవారుజామున పరక పట్టుకొని ఇల్లూ వాకిలీ ఊడ్చి, పేడనీళ్ళు చల్లి, ముగ్గు వేసేది. ఊడ్చిన కసువు పెరటి వెనుక దిబ్బకు చేరేది. అందులో ఏముండేవి? రాలిన ఆకులు, రాగి పొట్టు, పేడ, పొయ్యిలోని బూడిద, తిని పారవేసిన విస్తరాకులు, వేరుశనగ తొక్కలు. అంగడి నుంచి ఉప్పూ పప్పూ కాగితపు పొట్లాల్లో వచ్చేవి. పొట్లం దారాన్ని ఆమె ఉండగా చుట్టి దాచేది, కాగితం పొయ్యికి వేసేది. వానలకు ముందు ఆ దిబ్బను బండ్లకెత్తి పొలానికి తోలేవారు. విసరడంలో ఆమె ఏ లోటూ చేయలేదు. చెయ్యి ఎటు విసిరినా మేకో, ఆవో, మన్నో దాన్ని పుచ్చుకునేది.

ఆ చేతి వాటమే నాకు వచ్చింది. నా చేతికి వచ్చిన వస్తువు మాత్రం వేరు. కాగితపు లోటా అని మనం అంటున్నాము గానీ, దాని లోపల పలుచని ప్లాస్టిక్ పూత ఉంటుంది. వేడి టీకి కాగితం నానకుండా ఆపేది అదే. మన్నులో కలవకుండా అడ్డుపడేదీ అదే. మేక మూతి పెట్టి చూసి పోవడానికి కారణం ఉన్నది. 2019 జనవరి 1 నుండి తమిళనాడు ప్రభుత్వం, ఒకసారి వాడి పారవేసే ప్లాస్టిక్ వస్తువులు 14 రకాలను నిషేధించింది. ఈ పూత లోటాలు కూడా ఆ పట్టికలో ఉన్నాయి. అంటే నేను కిటికీలోంచి వేసినది అప్పటికి ఏడెనిమిది నెలలుగా అమ్మకూడని వస్తువు. దానిని తరగతిలో బోధించినవాడినీ నేనే.

ఇదంతా తెలియక చేశానని చెప్పుకుంటే సులువుగా ఉండేది. బస్సులో ఆ లోటాను చేత పట్టుకున్న నా మనసులో ఏమున్నదో నిజాయితీగా వెదికి చూసుకున్నాను. అది నాకు ఎంగిలి వస్తువు. నా సంచిలో పాఠ్యపుస్తకాలు ఉన్నాయి, పిల్లల రాతపుస్తకాలు ఉన్నాయి. సరస్వతితో పాటు ఎంగిలిని మోయడమా? ఆ ఆలోచన మాటల రూపంలో రాలేదు. చెయ్యే ముందు కదిలింది. శుచి కోసమే రోడ్డును మురికి చేశాను. మన ఇళ్ళలో ఎంగిలి పట్టింపు ఎంత లోతుగా ఉన్నదో మీకు నేను చెప్పనక్కరలేదు. అందులో ఆరోగ్యానికి మంచిది చాలా ఉన్నది, దానిని నేను తప్పు పట్టను. అయితే ఇంట్లో ఎంగిలి కంచం కడుగుతాము గాని కిటికీలోంచి విసరము గదా. కిటికీ అవతల ఉన్నది మన ఇల్లు కాదు, అంతే.

ఆ మరుసటి వారం ఒక పని చేశాను. రాతపుస్తకం వెనుక అట్ట మీద, చెత్తబుట్టలో కాక మరెక్కడైనా నేను వదిలిన ప్రతి వస్తువుకూ ఒక గీత పెట్టుకున్నాను. ఏడు రోజులకు ముప్పయి నాలుగు గీతలు తేలాయి. ఎక్కువ భాగం బస్సు టిక్కెట్లు. దిగగానే వేళ్ళ మధ్య ఉండ చుట్టి వదలడం, ఎప్పుడు వదిలానో కూడా తెలియదు. తక్కినవి తలనొప్పి మాత్ర అట్ట, అయిపోయిన రీఫిల్, పిల్లలు పుట్టినరోజుకు ఇచ్చిన చాక్లెట్ల కాగితాలు, పండ్లు కుట్టుకున్న పుల్లలు. షాంపూ పొట్లం మూల పంటితో చింపి, ఆ చిన్న ముక్కను ఊదివేయడం కూడా లెక్కలోకి వచ్చింది. (ఇలా చిన్న పొట్లాల్లో షాంపూ అమ్మడం మన తమిళనాడులోని కడలూరు నుంచే వ్యాపించిందని చెబుతారు. పేదవాడి స్నానానికి అది మేలే చేసింది. ఖాళీ పొట్లాన్ని ఎవరు కొంటారన్నది మాత్రం ఎవరూ ఆలోచించలేదు. పాత ఇనుము కొనేవాడు సైతం దాన్ని ముట్టుకోడు.) మీరూ ఒక వారం ఈ గీతలు పెట్టి చూడండి. ఎవరికీ చూపనక్కరలేదు.

అప్పటి నుంచి సంచిలో ఒక స్టీలు లోటా పెట్టుకుంటున్నాను. సంచి మా మేనకోడలి పెళ్ళిలో తాంబూలంతో పాటు ఇచ్చిన పసుపు గుడ్డసంచి. మీకు గుర్తుండే ఉంటుంది, ఒకప్పుడు ఆ సంచి చేతబట్టుకుంటే పల్లెటూరివాడని నవ్వేవారు. నేనే కళాశాల రోజుల్లో మా నాన్నగారు ఆ సంచితో వసతిగృహానికి వస్తే స్నేహితుల ఎదుట ముఖం దించుకున్నాను. 2021 డిసెంబరులో తమిళనాడు ప్రభుత్వమే "మీండుం మంజప్పై" పేరుతో ఆ సంచిని మళ్ళీ వాడుకలోకి తేవడానికి పూనుకున్నది. చూడటానికి మా నాన్నగారు లేరు. టీ అంగడి యజమాని నాకు "లోటా సారు" అని పేరు పెట్టాడు. తొందరలో ఉన్న రోజున లోటా మరచిపోవడమూ, టీ మానలేకపోవడమూ ఇప్పటికీ జరుగుతున్నాయి. అలాంటప్పుడు కాగితపు లోటాను బడి దాకా చేతిలోనే తీసుకువెళతాను. ఎంగిలి అన్న జంకు ఇంకా పోలేదు.

తరగతిలో దిద్దుకోవలసినది మరొకటి ఉన్నది. ఆ పిల్ల వ్యాసం తరువాతనే, ఊడ్చే వంతుల పట్టికను కొత్త కళ్ళతో చూశాను. పరక పట్టే పేర్లన్నీ ఆడపిల్లలవే. మగపిల్లలకు బల్లలు జరపడం, నల్లబల్ల తుడవడం. పట్టిక రాసినది నేనే, అందులో వింత ఏదీ నాకు కనబడలేదు. 1901లో కలకత్తా కాంగ్రెసు సభలో గాంధీగారు స్వయంగా చీపురు పట్టి మరుగుదొడ్డి శుభ్రం చేసిన సంగతిని ఏటా పాఠంగా చెబుతూనే, పరకను ఏటా ఆడపిల్లల చేతికే ఇస్తూ వచ్చాను. పట్టికను హాజరు వరుసలోకి మార్చాను. నా పేరు కూడా చేర్చాను. వారం తిరగకుండానే ఒక తండ్రిగారు వచ్చి, "మా వాడిని చదువుకు పంపినాము సార్, కసువు ఊడ్చేదానికి కాదు" అన్నారు. ఆయన కోపం వెనుక ఉన్నది బద్ధకం కాదని నాకు తెలుసు. ఊడ్చే పని కొన్ని కులాలవారి నెత్తిన పుట్టుకతోనే పెట్టిన దేశంలో, బడిలో చీపురు పట్టించడమంటే కొందరికి పరువు తక్కువ, కొందరికి పాత గాయం. ఏ పిల్లవాడి చేత ఊడ్పిస్తున్నారు, ఎవరిని వదిలేస్తున్నారు అని తల్లిదండ్రులు అడగడం న్యాయమే. వరుసలో నా పేరు చూపించాను. ఆయన ఒప్పుకోలేదు, కానీ పిల్లవాడిని మానిపించనూ లేదు.

ఆ ఆడపిల్ల ఇప్పుడు హోసూరులో కళాశాలలో చదువుతున్నది. తెలుగు ఆమెకు అక్కడ పాఠ్యాంశం కాదు. పండగలకు కనబడితే నమస్కారం పెట్టి, నా సంచి వంక ఒకసారి చూసి నవ్వుతుంది. లోటా ఉన్నదో లేదో అని చూస్తున్నదని నా అనుమానం.

"పరిసరాల పరిశుభ్రత" అన్న వ్యాసం నేనిప్పుడు ఇవ్వడం లేదు. "నిన్న నేను పారేసిన వస్తువు" అని ఇస్తున్నాను. ఐదు పంక్తులు చాలు, ఉపోద్ఘాతం వద్దు, మీ ఇంటి మాటల్లోనే రాయండి అని చెబుతాను. ఈగలూ దోమలూ దాదాపుగా మాయమయ్యాయి. వాటి స్థానంలో పెన్ను మూతలు, ఐస్‌క్రీము పుల్లలు, చెప్పకుండా పారేసిన పెరుగన్నం, తమ్ముడి బొమ్మ వస్తున్నాయి. వాక్యాలు వంకరగా ఉంటాయి గాని వారి సొంతం. ఎర్ర కలం వాడుతూనే ఉన్నాను. "కసువు" దగ్గర మాత్రం అది ఆగుతుంది.

మొన్నటి వ్యాసాల్లో ఒక అబ్బాయి రెండే పంక్తులు రాశాడు: "నేను నిన్న ఏమీ పారేయలేదు. మా నాయన పారేసినాడు, ఏమి పారేసినాడో చెప్తే కొడతాడు." పదికి తొమ్మిది వేశాను. వచ్చే శనివారం తల్లిదండ్రుల సమావేశం ఉన్నది. ఆ తండ్రిగారికి తెలుగు చదవడం వచ్చు.