కుదుపు తగ్గింది... బండి మిగిలింది!

అరవై ఏళ్లకు దగ్గరపడిన పికప్ బండి. ఎక్కితే నడుం నొప్పి, దిగితే చెవుల్లో హోరు. 'అమ్మేయండి' అని కొడుకు. 'నా కంఠంలో ప్రాణం ఉండగా అమ్మను' అని తండ్రి. ఐనవిల్లిలో ఓ ఇంట్లో మొదలైన ఈ పేచీకి పరిష్కారం ఏ పెద్ద షెడ్డులోనో దొరకలేదు. పెరట్లోని కొబ్బరి పీచులో దొరికింది!

ఐనవిల్లి సిద్ధివినాయకుడి గుడి దగ్గర కొత్త బండికి పూజ చేయించడం కోనసీమవాసులకు మామూలే. తళతళలాడే కార్లు, ప్లాస్టిక్ కవర్లు తీయని సీట్లు, చక్రాల కింద నిమ్మకాయలు... ఆ వరసలోకి ఓ ఉదయం ముక్కులేని పాత బండి ఒకటి వచ్చి ఆగింది. ఇంజను ముందు ఉండాల్సిన చోట మనిషి ఉన్నాడు. మనుషులు ఉండాల్సిన చోట ఇంజను ఉంది. వెనక ఖాళీ తొట్టి. అందులో మడత పెట్టిన గోనెపట్టా. స్టీరింగు దగ్గర డెబ్భయ్యో పడిలో పడబోతున్న పెద్దాయన. పక్క సీట్లో పట్టుచీరలో ఆయన ఇల్లాలు.

'బాబాయిగారూ, దీనికి ఇప్పుడు పూజేంటండీ?' అని పక్కనున్న కుర్రాడు నవ్వాడు.

'ఆయ్... ఇది కొత్త బండేనండి. ఆవిడ పదేళ్ల తర్వాత ఎక్కింది కదా!' అన్నాడు పెద్దాయన. ఆ మాట వెనక పెద్ద కథే ఉంది.

అమెరికా నుంచి కాలవ గట్టుకి...

ఆ బండి పేరు మహీంద్రా ఎఫ్‌సి-150. ఎఫ్‌సి అంటే ఫార్వర్డ్ కంట్రోల్. జీపుల తయారీకి పేరుమోసిన విల్లీస్ సంస్థ 1956లో అమెరికాలో ఈ తరహా బండ్లను పరిచయం చేసింది. జీపు పొడవు పెంచకుండా ఎక్కువ సరుకు ఎలా పట్టించాలన్నది అప్పటి ప్రశ్న. ముందున్న బానెట్ తీసేసి, డ్రైవరును తెచ్చి ఇంజను పక్కన కూర్చోబెడితే ఆ జాగా అంతా తొట్టికి కలిసొస్తుంది కదా అన్నది జవాబు. మనదేశంలో అదే బండిని మహీంద్రా 1965లో తయారుచేయడం మొదలుపెట్టింది. జహీరాబాద్‌లో ఆల్విన్ నిస్సాన్ బండ్లు తయారైనదీ, టాటా మొబైల్ పికప్ వచ్చిందీ 1980లలో. అప్పటిదాకా పల్లెల్లో చిన్న సరుకు బండి అంటే చాలామందికి గుర్తొచ్చింది జీపు, దాని అన్నదమ్ములే.

అలాంటి బండికి కోనసీమ సరైన పరీక్ష. గౌతమి, వసిష్ఠ పాయల మధ్య ఉన్న నేల ఇది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలవలు వచ్చాయి. కాలవ ఉన్నచోట గట్టు, గట్టు ఉన్నచోట రోడ్డు. ఒకవైపు నీళ్లు, మరోవైపు కొబ్బరి తోట. ఎదురుగా ఇంకో బండి వస్తే ఎవరో ఒకరు వెనక్కి వెళ్లాల్సిందే. ఇక ఐనవిల్లి మండలంలోని లంక గ్రామాల సంగతి చెప్పనక్కర్లేదు. గోదావరికి వరదొస్తే ఎదురుబిడియం కాజ్‌వే మీదికి నీళ్లెక్కుతాయి. అప్పుడు రాకపోకలు పడవల మీదే. ముక్తేశ్వరం రేవులో పంటి మీదికి బండిని ఎక్కించి గౌతమి దాటించి కోటిపల్లిలో దించడం ఒకప్పటి డ్రైవర్లకు రోజూ ఉండే సాహసం. 2002లో యానాం-ఎదుర్లంక వంతెన వచ్చాక కాకినాడ దారి తేలికైంది.

పెద్దాయన తండ్రి ఈ బండిని కొన్నది సొంత తోటలోని కాయ దింపు తెచ్చుకోవడానికి. ఈయన డ్రైవింగు నేర్చుకున్నదీ దీనిమీదే. పెళ్లయ్యాక ఆవిణ్ని కాపురానికి తీసుకొచ్చిందీ దీంట్లోనే. అదే ఆవిడ పదేళ్ల కిందట అమలాపురం ఆసుపత్రికి వెళ్లి వచ్చిన రోజు 'ఏవండీ, ఇక ఈ బండెక్కితే ఒట్టు' అనేసింది. వెళ్లింది నడుం నొప్పికి. పది పన్నెండు కిలోమీటర్ల దారిలో ఆ నొప్పి రెట్టింపైంది మరి!

తప్పు ఎక్కడుంది?

మామూలు కారులో మనం ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య కూర్చుంటాం. గతుకు తగిలినప్పుడు ఆ దెబ్బ మన దాకా వచ్చేసరికి కొంత చల్లారుతుంది. ఎఫ్‌సిలో డ్రైవరు కూర్చునేది దాదాపు ముందు చక్రాల మీదే. గతుకు మొదట తగిలేది ఆయనకే. దానికి తోడు ముందు వెనక చక్రాల మధ్య దూరం 81 అంగుళాలే. అందుకే బండి ఉయ్యాలలా ముందుకీ వెనక్కీ ఊగుతుంది.

మన ఒళ్లు కూడా ఓ స్ప్రింగులాంటిదే. కూర్చున్న మనిషిని సెకనుకి నాలుగు నుంచి ఎనిమిదిసార్లు పైకీ కిందికీ కదిపితే ఆ కుదుపు వెన్నుకి అన్నిటికన్నా ఎక్కువగా తెలుస్తుంది. బిగుసుకుపోయిన కమాన్లు, చెక్కలాంటి సీటు చేసే పని సరిగ్గా అదే.

'పాత బండి ఇలాగే ఉంటుంది, కిలోల లెక్కన అమ్మేయండి నాన్నా' అని హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే కొడుకు పోరు. లేదంటే కొత్త డీజిల్ ఇంజను, పవర్ స్టీరింగు, కారు సస్పెన్షన్ పెట్టించి బండిని పూర్తిగా మార్చేద్దామంటాడు. అక్కడే అసలు చిక్కు!

మారిస్తే బండి పోతుంది

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు చెప్పిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సంగతిని గట్టిగా చెప్పింది. ఇంజనూ ఛాసిసూ ఇష్టం వచ్చినట్లు మార్చి రోడ్డెక్కడం కుదరదన్నమాట.

2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనలు ఇంకో మెలిక. మొదటిసారి నమోదై 50 ఏళ్లు దాటిన సొంత వాడకపు బండ్లకు వింటేజ్ గుర్తింపు ఇస్తారు. నంబరు ప్లేటు మీద రాష్ట్రం అక్షరాల తర్వాత 'వీఏ' అని ఉంటుంది. కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. తర్వాత పొడిగించుకోవడానికి 5,000. కానీ బండి మొదటి రూపంలోనే ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దఎత్తున మార్చినవి పనికిరావు. ఒకప్పుడు పెట్రోలు ఖర్చు భరించలేక ఎన్నో జీపులకు డీజిల్ ఇంజన్లు బిగించారు. వాటికి ఈ తలుపు మూసుకుపోయినట్లే.

పెద్దాయన బండికి పాత పెట్రోలు ఇంజనే ఉంది. మరి వింటేజ్ నంబరు తీసుకోవచ్చుగా? తీసుకుంటే దాన్ని రోజువారీ పనులకు నడపకూడదు. ప్రదర్శనలు, ర్యాలీలు, మరమ్మతులు, పెట్రోలు పోయించుకోవడం... అంతవరకే. 'గుడికీ తోటకీ తిప్పనప్పుడు బండెందుకండి? బొమ్మా?' అన్నది ఆయన ప్రశ్న. అందుకే మామూలు పద్ధతిలో అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకుంటూనే నడపాలని నిర్ణయించుకున్నాడు. రేపు మనవడు వింటేజ్ నంబరు కావాలనుకుంటే దారి తెరిచే ఉండాలి. కాబట్టి ఏ మార్పు చేసినా మళ్లీ విప్పేయగలిగేదే చేయాలి. ఇదీ ఆయన షరతు.

చేర్చింది తీసేస్తే చాలు!

ఆ షరతు విన్న మెకానిక్ మొదట తల గోక్కున్నాడు. బండి కిందికి దూరి చూశాక నవ్వాడు. 'బాబాయిగారూ, దీనికి కొత్తగా పెట్టాల్సింది తక్కువండి. మీరు పెట్టించినవి తీయాల్సిందే ఎక్కువ!'

నిజమే. కాయల లోడుకి కుంగిపోతోందని ఎప్పుడో వెనక కమాన్ కట్టలో అదనంగా పట్టీలు వేయించారు. లోడు మానేసి ఏళ్లయినా పట్టీలు మాత్రం అలాగే ఉన్నాయి. వాటిని తీసేశాడు. మిగిలిన పట్టీలు తుప్పుతో ఒకదానికొకటి అతుక్కుపోయాయి. కమాను మెత్తగా పనిచేయాలంటే ఒత్తిడి పడినప్పుడు పట్టీలు ఒకదానిమీద ఒకటి జారాలి. అందుకే విడదీసి, రుద్ది, గ్రాఫైట్ గ్రీజు పూసి మళ్లీ కట్టాడు. అరిగిన బుష్‌లు, ఆయిలు కారిపోయిన షాక్ అబ్జార్బర్లు మార్చాడు.

తర్వాత టైర్లు. లోడు లెక్కన గాలి కొట్టించి ఖాళీ బండిని తిప్పడం పాత అలవాటు. టైరు రాయిలా మారి ప్రతి గులకనూ మోసుకొస్తుంది. పాత నైలాన్ టైర్ల స్థానంలో అదే కొలత రేడియల్ టైర్లు వేసి, తక్కువ బరువుకు తగినంతే గాలి నింపారు. రేడియల్ టైరు పక్క గోడ మెత్తగా వంగి చిన్న గతుకుల్ని తనలోనే దాచుకుంటుంది.

స్టీరింగు బిగుతుకీ మందు పవర్ స్టీరింగు కాదు. ఎండిపోయిన కింగ్‌పిన్‌లకు గ్రీజు, అరిగిన టై రాడ్ ఎండ్లు, స్టీరింగ్ బాక్సులో ఆయిలు, చివరగా అలైన్‌మెంట్. అంతే, చక్రం వణుకు తగ్గింది. నీళ్లల్లోంచి నడిచిన బండి కాబట్టి డిఫరెన్షియల్ ఆయిలు కూడా చూశారు. నీళ్లు కలిస్తే అది పాలలా తెల్లబడుతుంది. అలా ఉంటే వెంటనే మార్చేయాలి.

రెండు సీట్ల మధ్య ఉన్న ఇంజను మూతది వేరే గోల. వేడీ, హోరూ, పెట్రోలు వాసనా అన్నీ అక్కణ్నుంచే. పాత బండ్లలో వేడి ఆపడానికి వేసిన రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. దాని ధూళి ఊపిరితిత్తులకు ప్రమాదం. అందుకే తడిపి, ముక్కుకి మాస్కు కట్టుకుని జాగ్రత్తగా తీశారు. మూత అంచుకి కొత్త రబ్బరు పట్టీ, లోపలివైపు వేడికి తట్టుకునే ఫెల్టు, దానిమీద అల్యూమినియం రేకు వేశారు. పక్కనున్నవాళ్ల మాట వినపడటం మొదలైంది!

పీచు మహత్యం

చివరికి మిగిలింది సీటు. మెత్తటి స్పాంజి వేద్దామని మొదట అనుకున్నారు. కానీ మరీ మెత్తనిది గతుకులో పూర్తిగా నలిగిపోయి, కింద రేకు తగిలేలా చేస్తుంది. పైగా కోనసీమ ఉక్కపోతకి స్పాంజి చెమటను పట్టేస్తుంది. 'పరుపుల్లో వేసే పీచు ఉంది కదండీ, అదేస్తే?' అని అడిగింది ఆవిడే.

అది రబ్బరు పట్టించిన కొబ్బరి పీచు. పీచును తాడులా పేని, ఆవిరి పట్టించి, విప్పితే స్ప్రింగులా మెలి తిరుగుతుంది. దానిమీద రబ్బరు పాలు చల్లి, అచ్చులో నొక్కి, వేడి చేస్తే పలకలా తయారవుతుంది. పీచుల మధ్య గాలి ఆడుతుంది. నొక్కితే కుంగుతుంది, వదిలితే లేస్తుంది. విదేశాల్లో కార్ల సీట్లకీ ఒకప్పుడు దీన్ని బాగా వాడేవారు. కింద గట్టి పీచు పలక, పైన పలచటి స్పాంజి, ఆపైన నూలు గుడ్డ. తొడలకు ఆసరా దొరికేలా సీటు ముందు అంచు కాస్త ఎత్తు చేశారు. పీచుకు నిప్పంటుకుంటుంది కాబట్టి ఇంజను మూత ఛాయలకు పోనివ్వలేదు. పాత సీటు ఇనుప చట్రానికి ఒక్క రంధ్రం కూడా కొత్తగా పెట్టలేదు. దారాలు విప్పితే మళ్లీ పాత సీటే!

అరవై ఏళ్లుగా కొబ్బరికాయల్ని మోసిన బండిలో ఇప్పుడు కొబ్బరి పీచు మనిషిని మోస్తోంది.

మళ్లీ పక్క సీట్లోకి...

ఇంత చేసినా అది కారైపోలేదు. వేగం పెంచితే గోల చేస్తుంది, వానొస్తే పక్కల నుంచి జల్లు కొడుతుంది. కానీ ఇంటి నుంచి గుడికి వచ్చేదాకా ఆవిడ ఒక్కసారి కూడా 'ఆపండి' అనలేదు. పూజ అయ్యాక దిగి, నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది. అలవాటుగా వేసుకుందా, నొప్పి వచ్చిందా? పెద్దాయన మొహంలో కంగారు.

'నొప్పేమైనా...?'

'నొప్పి లేదులెండి. ముక్తేశ్వరం రేవు దాకా వెళ్లొద్దామా? గోదారి చూసి చాలా రోజులైంది.'

అంతకుముందు రోజే కొడుకు ఫోన్ చేసి పాత ఇనుము ధర ఎంతుందో చెప్పాడట. పెద్దాయన ఏమీ అనలేదు. ఈసారి మాత్రం ఫోను తీసి ఆవిడ చేతికిచ్చాడు. 'నువ్వే చెప్పవే, అమ్మాలో వద్దో!'

ఆవిడ ఫోను పక్కన పెట్టేసి సీటెక్కి కూర్చుంది. బండి రేవు దారి పట్టింది.