వాయవ్యం గాలి, కేప్ మే

న్యూజెర్సీలో మనవాళ్ళకి సెప్టెంబరు, అక్టోబరు అంటే ఊపిరాడదు. బతుకమ్మ, దసరా, ఆపైన దీపావళి సరుకులు, ఓక్‌ట్రీ రోడ్డులో పార్కింగు యుద్ధం. అయినా సరే, నా మాట విని ఒక్కరోజు గార్డెన్ స్టేట్ పార్క్‌వే పట్టుకుని దక్షిణంగా పోండి. సున్నా మైలు దగ్గర రోడ్డయిపోతుంది, ఇంకాస్త పోతే రాష్ట్రమే అయిపోతుంది. అదే కేప్ మే. ఎడమన అట్లాంటిక్, కుడివైపు డెలావేర్ అఖాతం.

శనివారమైతే కుదురుతుందండీ అంటారా? మనం చూడబోయే వలస డేగలకి వీకెండ్లు లేవు. కోల్డ్ ఫ్రంట్ దాటిపోయి, ఆకాశం తేటపడి, వాయవ్యం గాలి మొదలైన రోజు చూసుకోండి. దక్షిణానికి దిగుతున్న పక్షుల్ని ఆ గాలి సముద్రంవైపు తోసేస్తుంది. అలా కొట్టుకొచ్చేవాటిలో తొలిసారి వలస కట్టిన ఈ ఏటి పిల్లలే ఎక్కువ. తీరం వెంబడే వచ్చి వచ్చి ఈ మూలన పడతాయి. తీరా చూస్తే ఎదురుగా ఓ 17 మైళ్ళ నీళ్ళు! నేలమీదైతే ఎండకి కాగి పైకి లేచే గాలిని పట్టుకుని, రెక్క ఆడించకుండా ఎక్కెయ్యొచ్చు. నీళ్ళమీద ఆ సుఖం లేదు. ఆస్ప్రేలు, పెరిగ్రిన్లు లాంటి డేగలు లెక్కచెయ్యకుండా సాగిపోతాయి. బ్రాడ్‌వింగ్ గద్దలు మాత్రం చుట్లు కొట్టి కొట్టి, చాలాసార్లు అఖాతం ఒడ్డు పట్టుకుని మళ్ళీ ఉత్తరానికే తిరుగుతాయి. చవగ్గా వస్తుందని మూడు ఊళ్ళు చుట్టి హైదరాబాదు వెళ్ళే టిక్కెట్టు కొంటాం చూడండి, ఆ బాపతు.

1859 నాటి లైట్‌హౌస్ పక్కనే చెక్క ప్లాట్‌ఫారం ఉంది. 1976 నుంచీ ఏటా సెప్టెంబరు 1 మొదలు నవంబరు ఆఖరు దాకా అక్కడ డేగల్ని లెక్కపెడుతూనే ఉన్నారు. ఎవరో ‘షార్పీ!’ అని కేకేస్తారు, మెడలన్నీ పైకి లేస్తాయి. షార్పీ అంటే షార్ప్‌షిన్డ్ డేగ. గబగబా నాలుగుసార్లు రెక్కలు కొట్టడం, జారడం, మళ్ళీ కొట్టడం. తోక చివర అడ్డంగా కోసినట్టుంటుంది. దాని అక్కగారు కూపర్స్ డేగకి తోక గుండ్రం, తల కాస్త ముందుకి. చెప్పడం తేలికే, అక్కడ ఏళ్ళతరబడి నిలబడ్డవాళ్ళు కూడా దీనిమీద వాదించుకుంటారు, ఆ వాదన వినడమే సగం సరదా.

1920లు, 30లలో ఇదే ఊళ్ళో తుపాకులు పట్టుకుని వరసగా నిలబడి వీటిని కాల్చేవాళ్ళు. వండుకు తిన్నవాళ్ళూ ఉన్నారు. పెరిగ్రిన్ల కథ ఇంకోరకం. డీడీటీ అనే పురుగుమందు దెబ్బకి తూర్పు అమెరికాలో వాటి గూళ్ళే లేకుండా పోయాయి. 1972లో ఆ మందుని నిషేధించి, పెంచిన పిల్లల్ని వదిలాకే మళ్ళీ నిలదొక్కుకున్నాయి. వాటికోసమైతే అక్టోబరు మొదట్లో వెళ్ళండి.

అన్నట్టు, ‘కేప్ మే వార్బ్లర్’ అని ఓ పిట్ట ఉంది. రెండువందల ఏళ్ళ కిందట పక్షిశాస్త్రవేత్త అలెగ్జాండర్ విల్సన్ ఇక్కడ దొరికిన పిట్టని చూసి ఊరిపేరే పెట్టేశాడు. ఆ తరవాత వందేళ్ళు దాటినా అది ఈ ఊళ్ళో మళ్ళీ కనబడలేదట! ఇప్పుడైతే సెప్టెంబరులో చెట్లకొమ్మల్లో దొరుకుతుంది. పులిహోర కట్టుకెళ్ళండి. స్వెట్టరు మర్చిపోకండి, ఆ గాలి మనకి పడదు.