కొమ్మల దారి

స్కాట్లాండ్‌లోని ఇన్వర్‌నెస్‌లో మా పెరటి కంచె వెనక పైన్ చెట్లు వరసగా ఉన్నాయి. ఎర్ర ఉడతలు వచ్చేది ఆ చెట్ల మీదుగానే. చివరి కొమ్మ దగ్గర ఆగి, అటూ ఇటూ చూసి, కంచె మీదికి దూకి, కొయ్యపెట్టె మూత తలతో ఎత్తి ఒక హేజెల్ కాయ తీసుకుంటాయి. ముందుకాళ్లతో పట్టుకుని కొరికే తీరు అచ్చం మన ఉడతదే. ఒళ్లు మాత్రం కాలిన ఇటుక రంగు, పొట్ట తెలుపు, చలికాలంలో చెవుల మీద కుచ్చులు. వీపున చారలుండవు. మహానందిలో మా అవ్వ చారల ఉడతను చూపించి రాముడి వేళ్ల గుర్తులనేది. అరటి గెల పండిన సంగతి మాకంటే ముందు వాటికే తెలిసేది.

కర్నూలు సీమలో పుట్టినవాణ్ణి, పెట్టెలో మేత వేసేటప్పుడు నా చెయ్యి వేరుశనగ బుడ్డల మీదికే పోతుంది. ఉత్త బుడ్డలే తింటే వీటికి కాల్షియం చాలదని పక్కింటి పెద్దాయన చెప్పాడు. అందుకే హేజెల్ కాయలు, కొరుక్కోవడానికి ఒక జింక కొమ్ము ముక్క. పెట్టెను తరచూ కడగడం ఇంకా ముఖ్యం, రోగాలు పాకేది అక్కడే. 1876లో అమెరికా నుంచి తెచ్చి ఇంగ్లండులో వదిలిన బూడిదరంగు ఉడతలు మోసుకొచ్చే ఒక రకం పొక్కుల వైరస్ ఎర్రవాటి ప్రాణం తీస్తుంది. ఇప్పుడు బ్రిటన్‌లో మిగిలిన ఎర్ర ఉడతల్లో నాలుగింట మూడు వంతులకు స్కాట్లాండే దిక్కు.

పడమటి తీరాన మంచి అడవులున్నా చాలాచోట్ల ఇవి లేకుండా పోయాయి. మధ్యలో చెట్టు లేని బంజరు. దాన్ని దాటి అంతదూరం పోలేవు. అందుకని ట్రీస్ ఫర్ లైఫ్ సంస్థ 2016 నుంచి మా వైపు ఉడతలను ఎండుగడ్డి పరిచిన పెట్టెల్లో అక్కడికి చేరుస్తూ వచ్చింది. అక్కడ అవి పిల్లల్ని పెట్టాయి.

ఆ సంగతి తెలిసినప్పటి నుంచి నా మనసు నల్లమల అడవి మీదే ఉంది. మనకూ ఒక ఎర్ర ఉడత ఉంది, బెట్టుడుత. తోకతో కలిపి మూడడుగుల జంతువు, వీపు ముదురు ఎరుపు. పెద్ద చెట్ల కొమ్మల్లో గూడు కడుతుంది, నేల మీదికి దిగడం అరుదు. దాని బాటంతా కొమ్మల మీదే. మహానంది కోనేటి ఊట చూడటానికి వేలమంది వస్తారు గానీ, గుడి వెనక కొండల్లో ఇంత అందమైన ప్రాణి ఉందని వాళ్లలో ఎందరికి తెలుసు?

నంద్యాల నుంచి గిద్దలూరు పోయే దారి ఆ అడవిని చీల్చుకుంటూ పోతుంది. అడవిలో ఏ రోడ్డునైనా వెడల్పు చేస్తే ముందు పోయేవి పైన కలిసిన కొమ్మలే. అవి తెగితే బెట్టుడుతకు అడవి రెండు ముక్కలవుతుంది. ఎర్ర ఉడతల కోసం బ్రిటన్‌లో కొన్నిచోట్ల రోడ్ల మీదుగా తాళ్ల వంతెనలు కట్టారు. మన దగ్గరా కట్టవచ్చు. అంతకంటే మేలు, ఇంకా కలిసి ఉన్న కొమ్మలను నరకకుండా వదిలేయడం.

ఈసారి ఊరికొచ్చినప్పుడు ఆ దారి వెంట ఎక్కడ కొమ్మలు కలుస్తున్నాయో, ఎక్కడ తెగాయో చూసి రాసుకుని అటవీ శాఖవాళ్లకు ఇవ్వాలనుకుంటున్నా. మా చిన్నాయన కొడుకు బండి మీద తోడొస్తానన్నాడు.