కాడి దించిన చేయి

మార్గశిరం ప్రవేశించి, పత్తి చేలు తెల్లబడి, వరి కోతలు ముగింపునకు వచ్చే వేళకు మా ప్రాంతంలో మరొక ఋతువు మొదలవుతుంది. పంచాంగంలో దానికి పేరు లేదు. అయినా మా ఊళ్ళలో ఏ పిల్లవాడిని అడిగినా చెబుతాడు, అది బండలాగుడు పోటీల కాలమని. గద్వాల సమీపాన మల్దకల్ తిమ్మప్ప బ్రహ్మోత్సవాలు, సంక్రాంతికి కొల్లాపురం చెంత సింగోటం లక్ష్మీనరసింహస్వామి జాతర, ఎండలు ముదరక ముందు వనపర్తి దాపున శ్రీరంగాపురం రంగనాయకస్వామి ఉత్సవాలు ఒకదాని వెంట ఒకటిగా వస్తాయి. ఈ తిరునాళ్ళ దినాలలో ఏదో ఒక ఊరి బయలులో ఎడ్ల గజ్జెల సవ్వడి వినిపిస్తూనే ఉంటుంది. 2016 అక్టోబరు 11న పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా నుండి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వేరువేరు జిల్లాలుగా ఏర్పడ్డాయి. కాని పందెపు ఎడ్లు మాత్రం ఆ ఎల్లలను ఎరుగవు.

పోటీ నియమం చూడటానికి సరళమైనదే. కొన్ని క్వింటాళ్ళ బరువు గల రాతిబండకు జత ఎడ్లను కట్టి, నిర్ణీత కాలంలో అవి ఎంత దూరం లాగినవో కొలుస్తారు. బరి చివరకు చేరగానే ఎడ్లను మళ్ళించి తిరిగి లాగిస్తారు. అందరికన్న ఎక్కువ దూరం లాగిన జతదే గెలుపు. బలాబలాలు సమానంగా ఉండేందుకు ఎడ్లను వయసును బట్టి విభజిస్తారు. వయసుకు సాక్ష్యం పళ్ళు. ఎద్దుకు పైదవడలో ముందుపళ్ళు ఉండవు. క్రింది దవడలో ఎనిమిది ఉంటాయి. పాలపళ్ళు రెండేసి చొప్పున ఊడి, వాటి స్థానంలో స్థిరమైన పళ్ళు వస్తాయి. అందుకే పాలపళ్ళ విభాగమని, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళ విభాగాలని పేర్లు ఏర్పడ్డాయి.

నా బాల్యంలో సేద్యపు ఎద్దే పందెపు ఎద్దు. ఆరు నెలలు దుక్కి దున్నినదే పండుగనాడు బండ లాగేది. ట్రాక్టర్లు వచ్చిన తరువాత ఆ లెక్క మారిపోయింది. నేడు పోటీ కోసమే ఎడ్లను సాకే రైతులున్నారు. వారు తెచ్చుకొనే జతలలో ఒంగోలు జాతివి పేరెన్నిక గన్నవి. సముద్రాలు దాటి బ్రెజిల్ చేరి, నెల్లూరు పేరుమీద 'నెలోర్' అని పిలువబడుతున్న పశుసంతతికి మూలం ఈ జాతియే. ఇట్టి ఎద్దును సాకడం లాభసాటి వ్యవహారం కాదు. గెలిచిన బహుమతి దాణా ఖర్చుకు చాలకపోవచ్చు. ఇది మక్కువతో మోసే బరువు.

ఈ సంగతులన్నీ నాకు మళ్ళీ తలపునకు రావడానికి కారణం నా పూర్వ విద్యార్థి ఒకడు. మా కళాశాలలో ఇంటర్మీడియట్ చదివి, ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ తీరాన విద్యుత్ కార్ల అంతర్జాతీయ పందెం జరిగినప్పుడు, చూడటానికి వెళ్ళిన వేలాది జనంలో వాడూ ఒకడు. ఆ తరువాత చూడటంతో తృప్తి చెందక, తనవంటి ఉద్యోగులు కొందరు నడుపుకొనే మోటారు క్లబ్బులో చేరి, సెలవు దినాలలో ర్యాలీ పోటీలకు వెళుతున్నాడు. మొన్న ఒక సాయంకాలం మా ఇంటికి వచ్చాడు. కుడిచేతి మణికట్టుకు పట్టీ కట్టి ఉంది.

"చెయ్యికి ఏమైంది, నాయనా?" అని అడిగాను.

"మెట్ల మీద జారి పడ్డాను సార్. ఎముక చిట్లింది. ఇంకొక ఆరు వారాలు స్టీరింగు పట్టవద్దని డాక్టరు అన్నారు. మా పోటీల మొదటి రౌండు మూడు వారాలలోనే ఉంది."

తన పోటీ ఎటువంటిదో నాకు వివరించాడు. అది అందరికన్న ముందు గమ్యం చేరే పరుగుపందెం కాదట. నిర్ణయించిన దారిలో, నిర్ణయించిన సగటు వేగంతో, సరిగా నిర్ణయించిన సమయానికి చేరాలి. దారిని, గడియారాన్ని చూసి చెప్పడానికి ప్రక్కన ఒక సహచరుడు కూర్చుంటాడు. తనిఖీ కేంద్రాలు ఏ మలుపులో ఉంటాయో ముందుగా చెప్పరు. ఆలస్యంగా చేరితే సెకన్ల లెక్కన దండన పడుతుంది. ముందుగా చేరినా పడుతుంది. విచిత్రమేమంటే, చాలా పోటీలలో ఆలస్యానికి పడే దండన కన్న తొందరపాటుకు పడే దండనే ఎక్కువట.

"ఎడ్లకు పళ్ళను బట్టి విభాగాలున్నట్లు, మాకు ఇంజను పరిమాణాన్ని బట్టి విభాగాలుంటాయి సార్," అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఇంజను బలాన్ని నేటికీ మనం అశ్వసామర్థ్యంలోనే చెబుతున్నాము. 18వ శతాబ్దంలో జేమ్స్ వాట్ తన ఆవిరియంత్రపు శక్తిని గుర్రాల శక్తితో పోల్చి చెప్పిన కొలత అది. ఒక అశ్వసామర్థ్యం సుమారు 746 వాట్లు. యంత్రం వచ్చి పశువును ప్రక్కకు నెట్టింది గాని, పశువు పేరు చెప్పక తన బలాన్ని చెప్పుకోలేకపోయింది.

కాసేపటికి వాడు అసలు మాట బయటపెట్టాడు. మొదటి రౌండు తప్పితే ఆ పాయింట్లు పోతాయి. ఏడాది పొడుగునా కూడబెట్టే లెక్కలో ఆ లోటు పూడటం కష్టం. పైగా వాడిని నమ్ముకొని ఆ సహచరుడు సెలవులు పెట్టుకున్నాడు, ప్రవేశ రుసుములో సగం చెల్లించాడు. "నొప్పి అంతగా లేదు సార్. పట్టీ విప్పి వెళ్ళిపోదామనుకుంటున్నాను. మీరేమంటారు?"

నాకు కారు నడపడమే రాదు. వాడికి నేనేమి చెప్పగలను? అందుచేత మా పెద్దనాయన సంగతి చెప్పాను.

1982లో నాకు పన్నెండేళ్ళు. మా పెద్దనాయన ఒక జతను సాకేవాడు. అందులో ఎడమవైపు కట్టే దాపటి ఎద్దును అప్పు తెచ్చి కొన్నాడు. ఆ ఏటి తిరునాళ్ళలో మొదటి బహుమతి వస్తే ఆ అప్పు తీరుతుందని ఇంటిల్లిపాది ఆశ. మూడు నెలల ముందునుండే ఆయన దినచర్య మారిపోయింది. తెల్లవారక ముందే జతను వాగు ఇసుకలో నడిపించేవాడు. ఉలవలు ఉడికించి, చల్లార్చి, తన చేతితో తినిపించేవాడు. కాడి ఒరుసుకొనే మెడపై ఆముదం రాసేవాడు. రాత్రి పడుకోబోయే ముందు లాంతరు తెచ్చి నాలుగు కాళ్ళూ తడిమి చూసేవాడు. ఎద్దు మేత మిగిల్చిన దినం దానికి నడక ఉండేది కాదు. "దానికి నోరు లేదు. మేత మిగిలిందంటే అది చెప్పిన మాటే," అనేవాడు. ముల్లుగర్ర మా కొట్టంలో ఉండేదే కాదు.

పోటీనాడు మా జత అద్భుతంగా లాగింది. కాలపరిమితికి ఇంకా రెండు నిమిషాలున్నది. మొదటి స్థానానికి ముప్పది అడుగులు మాత్రమే కావాలి. జనం లేచి నిలబడి కేకలు వేస్తున్నారు. బరి చివర మళ్ళించి, కదలని బండను మళ్ళీ కదిలించవలసిన ఘడియ అది. నడిచే బండను నడిపించడం కన్న నిలిచిన బండను కదిలించడమే కష్టమని భౌతికశాస్త్రం చదివిన మీకు తెలుసు. దాపటి ఎద్దు ముందుకాలు ఒక్కసారి వణికింది. మేమెవ్వరమూ గమనించలేదు. మా పెద్దనాయన గమనించాడు. చేయి పైకెత్తి, పోటీ చాలించినట్లు న్యాయనిర్ణేతలకు సైగ చేసి, పలుపులు విప్పి కాడి దించాడు.

బయలంతా ఒక్క క్షణం నిశ్శబ్దమైంది. తరువాత ఈలలు, ఎగతాళి. "భయపడ్డావా?" అని ఎవరో అరిచారు. మా నాయన రెండు నెలలు అన్నతో సరిగా మాట్లాడలేదు. అప్పు తీరడానికి మరి రెండు పంటలు పట్టింది. ఆ రాత్రి ఎద్దు గిట్టపైన కీలు ఉబ్బింది. వేడినీటి కాపడం పెడుతూ పెద్దనాయన నాతో ఒక్కమాట అన్నాడు: "బిడ్డా, బండ నాది, అప్పు నాది, ఆశ నాది. కాలు మాత్రం దానిది." నెల తిరిగేసరికి అది లేచి నడిచింది. ఆ తరువాత ఏడేండ్లు మా చేను దున్నింది.

పెద్దయిన తరువాత ప్రాచీన సాహిత్యం చదువుతూ నలోపాఖ్యానం వద్ద ఆగినప్పుడు ఆ బయలే నాకు గుర్తుకు వచ్చింది. నన్నయ తెనిగించిన అరణ్యపర్వంలో అది తెలుగువారికి సుపరిచితమైన కథ. ఒక్క దినంలో విదర్భ చేరాలని ఋతుపర్ణుడు తొందరపడతాడు. బాహుకుడి రూపంలో ఉన్న నలుడు బక్కపలుచని గుర్రాలను ఎంచుకొంటే రాజు శంకిస్తాడు. వ్యాసభారతంలో అక్కడ ఒక చిన్న ముచ్చట ఉన్నది. రాజు రథమెక్కగానే గుర్రాలు మోకాళ్ళపై నేలకు ఒరుగుతాయి. నలుడు కొరడా తీయడు. ముందు వాటిని అనునయిస్తాడు. ఆ తరువాతనే రథం గాలితో పోటీపడుతుంది. అశ్వహృదయం ఎరిగినవాడని నలుని కీర్తించిన కవి, వేగాన్ని వర్ణించే ముందు ఆ అనునయాన్ని చెప్పడం మరువలేదు.

ఇంత చెప్పి, మన పోటీలలో దోషమే లేదని నేను అనజాలను. ముల్లుగర్రతో, చెర్నకోలతో ఎడ్లను హింసించి గెలిచిన జతలను నా కన్నులతో చూశాను. మూగజీవాలను హింసించరాదని 1960 నుండి చట్టమున్నది. 2014 మే 7న సర్వోన్నత న్యాయస్థానం జల్లికట్టును, ఎడ్లబండ్ల పందేలను నిషేధించింది. 2023 మే 18న రాజ్యాంగ ధర్మాసనం తమిళనాడు, మహారాష్ట్ర, కర్ణాటక రాష్ట్రాలు చేసుకొన్న సవరణ చట్టాలు చెల్లుతాయని తీర్పు చెప్పింది. ఆచారం నిలవాలా, అణగాలా అన్న వాదం న్యాయస్థానాలలో ఇట్లు ఏళ్ళ తరబడి సాగింది. నా మటుకు నాకు ఆ వాదంలో తూకపురాయి ఒక్కటే. కాలు వణికినప్పుడు కాడి దించే చేయి ఆ బరిలో ఉన్నదా, లేదా? ఆ చేయి లేని పోటీని ఆచారమన్న పేరు కాపాడలేదు.

నా విద్యార్థి మౌనంగా విన్నాడు. కొంతసేపటికి, "ఎద్దుకు నోరు లేదు గనుక పెద్దనాయన చూసుకున్నాడు. నా చెయ్యి నాదే కదా సార్. నష్టం నాకే కదా," అన్నాడు.

"కారులో నీ ప్రక్కన ఇంకొకరు కూర్చుంటారన్నావు," అన్నాను. "మలుపులో నీ మణికట్టు తిరగకపోతే, అది అతనికి చెప్పగలిగే వ్యవధి ఉంటుందా?"

వాడు జవాబు చెప్పలేదు. టీ త్రాగి, నమస్కరించి వెళ్ళిపోయాడు. నొచ్చుకొన్నాడేమోనని రెండు దినాలు నా మనసు పీకింది.

మూడవ నాడు ఫోను చేశాడు. సహచరునితో మాట్లాడాడట. అతడు మొదట కోపగించుకొన్నాడు, తరువాత చెయ్యి ఎట్లున్నదని అడిగాడు. మొదటి రౌండుకు తమ పేర్లు ఉపసంహరించుకొన్నారు. "ఊరకే ఇంట్లో కూర్చోలేను సార్. ఆ దినం తనిఖీ కేంద్రంలో గడియారం చూసే పనికి పేరు ఇచ్చాను. ఎవరెంత తొందరపడి వస్తారో నేనే వ్రాసుకుంటాను," అని నవ్వాడు. రెండవ రౌండుకు వెళ్ళేదీ లేనిదీ డాక్టరు చెప్పిన తరువాతనేనట.

ఇప్పుడు నేను ఈ మాటలు వ్రాస్తుండగా మా వీధిలో తెల్లవారుజామున ఒక జత నడుస్తున్నది. రానున్న తిరునాళ్ళకు తయారవుతున్నవి. వాటి వెంట పదునాలుగేండ్ల పిల్లవాడు ఉన్నాడు. వీధిదీపం క్రింద ఎడ్లను నిలిపి, వంగి, ఒక్కొక్క కాలూ తడిమి చూస్తున్నాడు.