సర్వి కొమ్మ, ఫ్రేజర్ ఫర్ చెట్టు

నార్త్ కరోలినాలో ఉండే మన తెలుగువాళ్లలో చాలామంది క్రిస్మస్ చెట్టు కోసం దుకాణానికే వెళతారు. ప్లాస్టిక్ చెట్టు ఒకసారి కొంటే పదేళ్లు వస్తుంది, అటక మీద పెట్టుకోవచ్చు. అందులో తప్పేమీ లేదు. కానీ ఈ రాష్ట్రంలో ఉంటూ ఒక్కసారైనా ఆష్ కౌంటీ కొండల మీదికి వెళ్లి, మీ చెట్టు మీరే కోసి తెచ్చుకోకపోతే ఏదో వెలితే అంటాను నేను. క్రిస్మస్ చెట్ల పెంపకంలో అమెరికాలో ఒరెగాన్ తర్వాతి స్థానం మనదే. ఇక్కడ పెంచే వాటిలో దాదాపు అన్నీ ఫ్రేజర్ ఫర్ చెట్లే.

మేముండేది కేరీలో. ఐ-40 మీద విన్‌స్టన్-సేలం దాకా వెళ్లి, అక్కడ 421 పట్టుకుని విల్క్స్‌బరో దాటితే ఘాట్ రోడ్డు మొదలవుతుంది. చెవులు గుయ్యిమంటుండగా డీప్ గ్యాప్ చేరి, 221 మీదికి తిరిగితే వెస్ట్ జెఫర్సన్. మొత్తం మూడు గంటల ప్రయాణం. కొండ వాలు మీద పచ్చటి శంకువులు బారులు తీరి కనిపించగానే వెనక సీట్లో పిల్లల గోల మొదలవుతుంది.

మా పిల్లలకి క్రిస్మస్ చెట్టంటే ఆ ఫ్రేజర్ ఫరే. నాకు మాత్రం సర్వి చెట్టు. పుస్తకాల్లో సరుగుడు అంటారు కానీ మా బాపట్ల వైపు సర్వి తోట, సర్వి బాదులు అనే వాడుక. సముద్రం ఒడ్డు ఇసుక నేలల్లో ఎటు చూసినా అవే తోటలు. నాలుగైదేళ్లు పెరిగాక కొట్టి, బాదులు పందిళ్లకీ కాగితం మిల్లులకీ అమ్ముతారు. పైన మిగిలిన చిటారు కొమ్మలు పొయ్యిలోకి పోతాయి. డిసెంబరులో మాత్రం ఆ కొమ్మలకి మా క్రైస్తవ కుటుంబాల్లో భలే గిరాకీ. నాన్న సైకిల్ మీద వెళ్లి, గుబురుగా ఉన్న తల ఒకటి చూసి క్యారియర్‌కి కట్టుకుని తెచ్చేవారు. పాత కిరసనాయిలు డబ్బాలో ఇసుక నింపి దాన్ని నిలబెట్టేవారు. డబ్బాకి రంగు కాగితం చుట్టడం నా వంతు.

అమ్మ వంతు అగ్గిపెట్టెలు. ఏడాది పొడుగునా ఖాళీ అగ్గిపెట్టెలు దాచేది. చాక్లెట్ల మెరుపు కాగితం వాటికి చుట్టి, దారం కట్టి, బహుమతి పెట్టెల్లా కొమ్మలకి వేలాడదీసేది. మంచు బదులు దూది. ఇంట్లో ఎవరమూ మంచు చూసి ఎరగం, అయినా దూది ఏ కొమ్మ మీద ఎంత పెట్టాలో అమ్మకి కచ్చితంగా తెలుసు. వాకిట్లోకి వెదురు బద్దలతో నక్షత్రం కట్టి, ఉడికించిన మైదా జిగురుతో రంగు కాగితాలు అంటించి, లోపల బల్బు పెట్టేవాళ్లం. ఆ బల్బు వెలిగిందంటే వీధిలో వాళ్లందరికీ మా ఇంట పండగ వచ్చినట్టే. హిందువుల పిల్లలు కూడా మా ఇంటికొచ్చి చెట్టుకి కాగితపు గొలుసులు వేసేవాళ్లు. సంక్రాంతికి వాళ్ల గొబ్బెమ్మలకి మేం బంతిపూలు తీసుకెళ్లేవాళ్లం.

చిన్నప్పుడు సర్వి ఆకుతో ఒక ఆట ఆడేవాళ్లం. సన్నటి ఆకుని ఒకచోట పట్టి లాగితే కణుపు దగ్గర ఊడుతుంది. మళ్లీ అక్కడే అతికించి, ఎక్కడ విరిగిందో చెప్పమని పక్కవాళ్లని అడగాలి. డిగ్రీలో బోటనీ చదివాక గానీ దాని రహస్యం తెలియలేదు. అది ఆకే కాదు, కణుపులున్న సన్నటి కొమ్మ. అసలు ఆకులు ఆ కణుపుల చుట్టూ చిన్న పళ్లలా ఉంటాయి. పైన్, ఫర్ చెట్లకీ సర్వికీ చుట్టరికమే లేదు. సర్వి పూలు పూసే జాతి, ఫర్ పూలు లేని జాతి. చూడ్డానికి మాత్రం రెండూ ఒకేలా గాలికి హోరుమంటాయి.

ఫ్రేజర్ ఫర్‌కి ఆ పేరు జాన్ ఫ్రేజర్ అనే స్కాట్లాండ్ వృక్షశాస్త్రజ్ఞుడి నుంచి వచ్చింది. ఆయన 18వ శతాబ్దం చివర్లో ఈ కొండల్లో తిరిగి మొక్కలు సేకరించాడు. ఇది అడవిలో సహజంగా పెరిగేది నార్త్ కరోలినా, టెన్నెసీ, వర్జీనియాల ఎత్తైన కొండల మీద మాత్రమే. ఆకు తిప్పి చూస్తే అడుగున రెండు తెల్లటి చారలు కనిపిస్తాయి. కోసిన తర్వాత కూడా ఆకు చాలా రోజులు రాలదు, కొమ్మలు గట్టిగా ఉండి బరువు మోస్తాయి. అందుకే దీనికింత పేరు. యూరప్ నుంచి వచ్చిన, తెల్లటి నూగు కప్పుకునే ఒక చిన్న పురుగు 20వ శతాబ్దంలో అడవుల్లోని పెద్ద చెట్లని చాలావరకు చంపేసింది. తోటల్లో రైతులు కాపాడుకుంటూ వస్తున్నారు.

2024లో మా ఇంట్లో చెట్టు పెట్టాలా వద్దా అన్న ప్రశ్న వచ్చింది. ఆ జూన్‌లో అమ్మ పోయింది. ఏడాది తిరగందే పండగ చేసుకోకపోవడం మా వైపు క్రైస్తవ ఇళ్లలోనూ ఉన్న పద్ధతే. చర్చికి వెళ్లి రావడం, ఇంట్లో మామూలు వంట, అంతే. అక్టోబరులో నాన్న మా దగ్గరికి వచ్చారు. ఆయన ముందు చెట్టు మాట నేను ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు. పిల్లలు మాత్రం క్యాలెండర్ చూస్తూ రోజులు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. మావారు మధ్యేమార్గం చెప్పారు: "కొండల మీదికి వెళ్లొద్దాం. మామయ్యగారికి ఊరు చూపించినట్టూ ఉంటుంది. చెట్టు సంగతి అక్కడ చూద్దాం."

థాంక్స్‌గివింగ్ తర్వాతి శనివారం బయలుదేరాం. ఆ సెప్టెంబరు 27న హెలీన్ తుఫాను పశ్చిమ నార్త్ కరోలినాని ముంచేసింది. సముద్రానికి వందల మైళ్ల దూరంలో, కొండల మీద, తుఫాను! బ్లూ రిడ్జ్ పార్క్‌వేలో చాలా భాగం అప్పటికింకా మూసే ఉంది. న్యూ రివర్ ఒడ్డున చెట్ల కొమ్మల్లో వరద తెచ్చిన చెత్త అంతెత్తున వేలాడుతోంది. నాన్న కారు అద్దంలోంచి అది చూస్తూ, "నీళ్లు అంతదాకా వచ్చాయన్నమాట" అన్నారు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు ఆయనకి 18 ఏళ్లు. చెట్ల మీద మిగిలిన ఆనవాళ్లు ఎలా చదవాలో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

తోట యజమాని డెబ్బై ఏళ్ల పెద్దాయన. మాకు రంపం ఇచ్చి, ఎత్తు కొలిచే కర్ర ఇచ్చి, ఎటు వెళ్లాలో చూపించాడు. నాన్న అక్కడే ఆగి, తన లెక్కల మాస్టారి ఇంగ్లీషులో ఒక చెట్టుకి ఎన్నేళ్లు పడుతుందని అడిగారు. విత్తనం నుంచి మొక్క నారుమడిలో మూడు నుంచి ఐదేళ్లు, పొలంలో నాటాక ఏడు ఎత్తు పెరగడానికి ఇంకో ఏడెనిమిదేళ్లు పైనే అన్నాడాయన. ప్రతి వేసవిలో పొడవాటి కత్తితో చెట్టు చుట్టూ తిరిగి కొసలు కత్తిరిస్తేనే ఆ శంకువు ఆకారం వస్తుందట. వాగు పక్కన ఉన్న మడి వరదలో కొట్టుకుపోయిందనీ, అవి ఎనిమిదేళ్ల చెట్లనీ చేత్తో చూపించాడు. మిగిలినవాటికి నీరు నిలిచిన నేలలో వేరుకుళ్లు భయం. ఆ తెగులు ఒకసారి మట్టిలో చేరితే అక్కడ మళ్లీ ఫ్రేజర్ ఫర్ బతకడం కష్టం.

నాన్న తమ ఉప్పెన గురించి చెప్పారు. ఉప్పునీళ్లు నిలిచిన పొలాల గురించీ, ఆ తర్వాత తీరం వెంట గాలికి అడ్డుగా పెంచిన సర్వి తోటల గురించీ చెప్పారు. నేను మధ్యలో అక్కడక్కడ మాట అందించాను. గాలి ఎటు నుంచి మొదలైంది, నీళ్లు ఎప్పటికి తీశాయి అని ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. పిల్లలు ఈలోగా గడ్డి బండి మీద రెండు చుట్లు తిరిగొచ్చారు.

పైకి నడుస్తుంటే నాన్న అన్నారు: "పన్నెండేళ్లు పెంచినవాడు ఈ నెలరోజుల్లోనే అమ్ముకోవాలి కదమ్మా. ఒకటి తీసుకుందాం."

"ఈ ఏడు వద్దనుకున్నాం కదా నాన్నా?"

"పండగ వద్దనుకున్నాం. చెట్టు తీసుకుంటే మీ అమ్మేమీ అనదులే."

ఆయనే ఎంచారు. ఐదడుగులది, ఒక పక్క కాస్త బోడిగా ఉంది. పెద్దదాన్ని చూపించి పిల్లలు అలిగితే, "బోడి పక్క గోడవైపు తిప్పితే ఎవరికి తెలుస్తుంది?" అన్నారు. మావారు నేల మీద పడుకుని మొదలు కోస్తుంటే నాన్న కొమ్మలు ఎత్తి పట్టుకున్నారు. యంత్రంలోంచి లాగితే చెట్టు వలలో చుట్టుకుని బయటికొచ్చింది. కారు మీదికి ఎక్కించి తాళ్లు బిగించాం. దారిలో వెస్ట్ జెఫర్సన్‌లో ఆగి సెయింట్ మేరీస్ చర్చి చూశాం. 1970లలో బెన్ లాంగ్ అనే చిత్రకారుడు తడి సున్నం గోడ మీద వేసిన బొమ్మల్లో నిండు గర్భిణి మరియమ్మ ఉంది. నాన్న ఆ బొమ్మ ముందు బెంచీ మీద కూర్చుని, మేం పిలిచేదాకా లేవలేదు.

మీరు వెళితే కొన్ని సంగతులు గుర్తుపెట్టుకోండి. నేల తడిగా ఉంటుంది, పాత బూట్లు వేసుకోండి. తాడు మీరే తీసుకెళ్లడం మంచిది. ఇంటికి తెచ్చాక మొదలు ఇంకో అర అంగుళం కోసి వెంటనే నీళ్లలో పెట్టాలి, లేకపోతే బంక గట్టిపడి నీళ్లు పీల్చదు. మొదటి రోజే గ్యాలన్ దాకా తాగేస్తుంది. రోజూ చూసి పోస్తుండాలి. హీటర్ పక్కన మాత్రం పెట్టొద్దు.

అలంకరణ పెట్టె తెరవడం మా ఇంట్లో పెద్ద తంతు. ఏడాదికొక బొమ్మ చొప్పున కొంటాం, వెనకాల సంవత్సరం రాస్తాం. వాటి అడుగున, టిష్యూ కాగితంలో, మూడు అగ్గిపెట్టెలు ఉన్నాయి. 2018లో మా చిన్నదాని పురిటికి వచ్చినప్పుడు అమ్మ చేసినవి. మెరుపు కాగితం అంచుల్లో చిరిగింది. నాన్న వాటిని చేతిలోకి తీసుకుని ఒక్కొక్కటే తిప్పి చూశారు. తర్వాత వంటింట్లో పది అగ్గిపెట్టెల ప్యాకెట్ ఉందేమో చూడమన్నారు. పుల్లలన్నీ ఒక సీసాలో పోయించి, పిల్లలిద్దరినీ పక్కన కూర్చోబెట్టుకుని కాగితం ఎలా మడవాలో చూపించారు. అమ్మ ఆ మడత మడిచేటప్పుడు ఆయన పక్కన కూర్చుని చూస్తుండేవారన్న సంగతి నాకు ఆ సాయంత్రమే తెలిసింది. దూది పెట్టలేదు. పాటలూ పెట్టలేదు. లైట్లు మాత్రం వేశాం.

జనవరిలో ఆయన తిరుగు ప్రయాణానికి ముందు ఆ చెట్టుని మళ్లీ కారు మీద కట్టుకుని, ఈసారి తూర్పు వైపు, అట్లాంటిక్ బీచ్ దగ్గరున్న ఫోర్ట్ మేకన్ స్టేట్ పార్క్‌కి వెళ్లాం. అలంకరణలన్నీ తీసేసిన నిజం చెట్లని అక్కడ తీసుకుంటారు. వాటిని ఇసుక దిబ్బల దగ్గర పరుస్తారు. గాలికి కొట్టుకొచ్చే ఇసుక ఆ కొమ్మల్లో చిక్కుకుని నెమ్మదిగా దిబ్బ పెరుగుతుంది. పెద్ద అల వచ్చినప్పుడు ఆ దిబ్బే అడ్డు.

పాత చెట్ల కుప్ప మీద మాదీ పెట్టాం. నాన్న చలికి మఫ్లర్ బిగించుకుని దిబ్బలకేసి చూశారు. "మన సర్వి చేసే పనే ఇది" అన్నారు. చిన్నది ఆయన చెయ్యి పట్టుకుని, తాతయ్యా సర్వి అంటే ఏమిటని అడిగింది. ఆయన ఇసుకలో కూర్చుని, కణుపు దగ్గర విరిచి మళ్లీ అతికించే ఆట గురించి దానికి మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టారు.