హాన్లే చీకట్లో నోవా కోసం

పొద్దు గూకాక హాన్లే పరిసరాల్లోకి వచ్చే బండి హెడ్‌లైట్లు పూర్తిగా వేసుకు తిరగకూడదు. మా డ్రైవర్ లేహ్ కుర్రాడు. ఊరు ఇంకా రెండు మలుపులుందనగానే లైట్లు బాగా దించేసి, బండిని నడక వేగానికి తెచ్చాడు. ఎదుట రోడ్డు కనిపించక నా గుండె గుబగుబలాడింది. కంగారు పడొద్దని, కాసేపటికి కళ్లే అలవాటు పడతాయని హిందీలో ధైర్యం చెప్పాడు. పడ్డాయి. పది నిమిషాలయ్యాక కిటికీలోంచి తల బయటపెడితే పాలపుంత ఈ కొండ మీద మొదలై ఆ కొండ వెనక్కి దిగుతోంది. 2024 సెప్టెంబర్ మొదటివారం అది. మన వైపు పోలాల అమావాస్య రోజులు.

లేహ్ నుంచి హాన్లేకు సుమారు 250 కిలోమీటర్లు. దారిలో చాలాభాగం సింధు నదే తోడు. ఉప్షి దాటాక లోయ ఇరుకవుతుంది. చుమాథాంగ్‌లో నది ఒడ్డునే వేడినీటి ఊటలు పొగలు కక్కుతుంటాయి. మాహె, న్యోమా దాటి లోమా వంతెన మీదుగా నదిని విడిచిపెట్టాక ఇక చెట్టన్నది కనిపించదు. కియాంగులనే అడవి గాడిదలు బండిని చూసి కాసేపు పోటీగా పరుగెత్తి, విసుగొచ్చి ఆగిపోతాయి. చైనా సరిహద్దు దగ్గరే కాబట్టి సైనిక ట్రక్కులు, పర్మిట్ల తనిఖీలు మామూలే. ఇక్కడ గాలి పీడనం సముద్ర మట్టంలో ఉండేదానిలో ఇంచుమించు 60 శాతం. హోంస్టేలో ఎనిమిది మెట్లు ఎక్కి, తిరుపతి కొండెక్కినవాడిలా కూలబడ్డాను.

ఊళ్లో ఒక గుట్ట మీద 17వ శతాబ్దం నాటి బౌద్ధారామం. మరో కొండ మీద, 4,500 మీటర్ల ఎత్తున, భారత ఖగోళ భౌతిక సంస్థ వారి రెండు మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోప్. దాన్ని నడిపేవారు అక్కడ ఉండక్కర్లేదు. బెంగళూరు దగ్గర హొసకోటెలో కూర్చుని ఉపగ్రహ లింకు ద్వారా తిప్పుతారు. కానీ నేను ఇంత దూరం వచ్చింది వీటికోసం కాదు. కొండ కింద మైదానంలో, సుమారు 4,300 మీటర్ల ఎత్తున, గుమ్మటం లేకుండా ఆరుబయట నిలబడి ఉన్న పెద్ద అద్దాల పళ్లెం కోసం. దాని పేరు మేస్. భాభా అణు పరిశోధన కేంద్రం రూపొందించగా హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ తయారుచేసింది. 21 మీటర్ల వ్యాసం, 356 అద్దాల పలకలు, సుమారు 180 టన్నుల బరువు. ఆరు చక్రాల మీద గుండ్రటి పట్టాలపై తిరుగుతుంది. ఈ తరహా టెలిస్కోపుల్లో ఆసియాలో ఇదే పెద్దది, ప్రపంచంలో దీనికంటే ఎత్తున మరొకటి లేదు. మా ఈసీఐఎల్ క్రాస్‌రోడ్స్‌లో బస్సు కోసం పడిగాపులు పడిన రోజుల్లో, ఆ ప్రహరీ వెనక ఇలాంటిది తయారవుతుందని ఎన్నడూ అనుకోలేదు. నేను తిరిగొచ్చిన నెలకు, 2024 అక్టోబర్ 4న, దాన్ని లాంఛనంగా ప్రారంభించారు.

మేస్ చూసేది నక్షత్రాల వెలుగును కాదు. అంతరిక్షం నుంచి వచ్చే గామా కిరణం వాతావరణాన్ని తాకగానే కణాల జల్లు పుడుతుంది. ఆ జల్లు గాలిలో నీలపు మెరుపు మెరిపిస్తుంది. అదే చెరెంకోవ్ కాంతి. దాని ఆయుష్షు సెకనులో వంద కోట్ల వంతుల్లో ఏ కొన్నో. అంత చిన్న మెరుపును పట్టడానికి 1,088 కాంతి గ్రాహకాలున్న కెమెరా అమర్చారు. వెన్నెల పెరిగితే దాని పని కుంటుపడుతుంది. ఎత్తుకు పోతే జల్లుకు దగ్గరవుతాం, బలహీనమైన కిరణాలనూ పట్టొచ్చు. నోవాలను వేటాడేవారికి కావలసింది సరిగ్గా అదే. నోవాల గామా కిరణాల్లో శక్తి ఎక్కువున్నవి బహు తక్కువ.

నోవా అంటే కొత్త చుక్క అని పాతకాలంవారు పెట్టిన పేరు. నిజానికది ముసలి చుక్క చేసే గొడవ. సూర్యుడిలాంటి నక్షత్రం ఇంధనం అయిపోయి, భూమి అంత పరిమాణానికి కుంచించుకుపోతే మిగిలేది శ్వేత కుబ్జం. పక్కన జంట నక్షత్రం ఉంటే దాని హైడ్రోజన్‌ను ఇది ఏళ్ల తరబడి లాక్కుంటుంది. అడుగున పీడనం, వేడి హద్దు మీరగానే ఆ పొరంతా హైడ్రోజన్ బాంబులా అంటుకుంటుంది. కొన్ని భూముల నుంచి పదుల భూముల బరువున్న పదార్థం సెకనుకు వేల కిలోమీటర్ల వేగంతో బయటికి ఎగజిమ్ముతుంది. సూపర్‌నోవాలా చుక్క చావదు. మళ్లీ పోగేసుకోవడం మొదలుపెడుతుంది.

ఇందులో అధిక శక్తి గామా కిరణాలు ఉంటాయని చాలాకాలం ఎవరూ పెద్దగా ఆశించలేదు. 2010 మార్చిలో జపాన్ ఔత్సాహికులు హంస రాశిలో వి407 సిగ్ని అనే నోవాను చూశారు. నాసా ఫెర్మీ ఉపగ్రహానికి అదే చోట గామా కిరణాలు కనిపించాయి. మన మౌంట్ అబూ టెలిస్కోప్ కూడా ఆ నోవాను పరారుణ కాంతిలో వెంటాడింది. అయితే అక్కడి జంట నక్షత్రం ఒక ఎర్రటి మహాతార. దాని చుట్టూ దట్టంగా వాయువు ఉంది కాబట్టి పేలుడు దాన్ని గుద్దుకుని ఉంటుందని, ఇదొక ప్రత్యేక సందర్భమని సరిపెట్టుకున్నారు. ఆ సమాధానం రెండేళ్లే నిలిచింది. 2012 జూన్‌లో సూర్యుడికి దగ్గరగా, టెలిస్కోపులకు అందని చోట ఫెర్మీ ఒక గామా మూలాన్ని గుర్తించింది. ఆగస్టులో సూర్యుడు పక్కకు జరిగాక, జపాన్‌కే చెందిన మరో ఔత్సాహికుడు అక్కడ ఒక నోవాను కనుగొన్నాడు. గామా కిరణాల్లో ముందు దొరికి, కంటికి తర్వాత చిక్కిన నోవా అది. అందులో మహాతార లేదు, దట్టమైన వాయువూ లేదు. మామూలు క్లాసికల్ నోవా. 2013లో మరొకటి. ఇప్పటికి అలాంటివి ఇరవై దాకా పోగయ్యాయి.

చుట్టూ ఏమీ లేనప్పుడు దేన్ని గుద్దుకుంటుంది? తనను తానే. మొదట మెల్లగా వెలువడిన పదార్థాన్ని వెనక నుంచి వేగంగా వచ్చింది ఢీకొంటుంది. ఆ ఢీలో పుట్టే ఆఘాత తరంగాలు ప్రోటాన్లను అటూ ఇటూ బంతాడుతూ విపరీతమైన శక్తికి చేరుస్తాయి. అవి వాయువును తాకినప్పుడు గామా కిరణాలు పుడతాయి. అంతేకాదు. 2018లో పేలిన వి906 కెరీనాలో కంటికి కనిపించే వెలుగు, గామా కిరణాలు ఒకే లయలో హెచ్చుతగ్గులయ్యాయి. అంటే మనం నోవా వెలుగనుకున్నదాంట్లో పెద్ద వాటా ఈ ఢీకొట్టుకోవడం నుంచే వస్తోంది. నోవా కాంతంతా మధ్యనున్న శ్వేత కుబ్జం నుంచే వస్తుందని రాసుకున్న పాఠాన్ని దిద్దుకోవాల్సి వచ్చింది.

నేల మీది టెలిస్కోపులకు మాత్రం నోవా చాలాకాలం చిక్కలేదు. 2021 ఆగస్టు 8న, మన ఆషాఢ అమావాస్య నాడు, ఆర్ఎస్ ఓఫియుకి పేలింది. 1898 నుంచి పలుమార్లు పేలుతూ వచ్చిన పాత కాపే. మర్నాటి రాత్రికల్లా నమీబియాలోని హెస్, స్పెయిన్ దీవి లా పామాలోని మ్యాజిక్ దానివైపు తిరిగాయి. గామా కిరణాలు దొరికాయి. హెస్ వరుసగా ఐదు రాత్రులు చూసింది. ఆ తర్వాత వెన్నెల అడ్డొచ్చి దాదాపు రెండు వారాలు ఆగాల్సి వచ్చింది. ఇంకో పది రోజులు ఆలస్యంగా, పున్నమి దగ్గర్లో పేలి ఉంటే ఆ మొదటి రాత్రులే దక్కేవి కావు.

ఆగస్టు అంటే మన దేశంలో వేధశాలలకు వానల సెలవు. హాన్లే హిమాలయాల వెనక ఉండడంతో రుతుపవనాల ధాటి ఇక్కడ తక్కువ. ఆకాశం కలిసొచ్చింది. నేలను కాపాడుకోవాలి. 2022 డిసెంబర్‌లో ఇక్కడి 1,073 చదరపు కిలోమీటర్లను డార్క్ స్కై రిజర్వ్‌గా ప్రకటించారు. ఇళ్లకు మందపాటి తెరలు, వీధి దీపాలకు మూతలు, రాత్రి బండ్లకు ఆంక్షలు. బదులుగా ఊరివాళ్లకు శిక్షణ ఇచ్చి, టెలిస్కోపులిచ్చి, ఆస్ట్రానమీ అంబాసిడర్లను చేశారు. హోంస్టేలు వెలిశాయి. పశువులు, ఉన్ని మీద బతికే ఊరికి చీకటే కొత్త ఆదాయం. చిక్కంతా అక్కడే ఉంది. చీకటిని చూడడానికి వచ్చేవాళ్లు పెరిగేకొద్దీ వెలుతురూ పెరుగుతుంది. నేనున్న రాత్రే ఒక గుంపు పాలపుంత ముందు నిలబడి, ఫోన్ టార్చ్ వేసుకుని, ముఖాలకు వెలుగు సరిపోలేదని మరో ఫోన్ తీసింది. టార్చ్ ఆపమని చెప్పడానికి ఊరివాళ్లకు మొహమాటం. వాళ్లు అతిథులు కదా.

మా హోంస్టే యజమానురాలే రాత్రికి అంబాసిడర్. పగలు పొయ్యి దగ్గర ఉప్పు టీ చిలికిన మనిషి, ఎనిమిదిన్నరకు పెరట్లో టెలిస్కోప్ నిలబెట్టింది. ముందు శని గ్రహ వలయం చూపించింది. అందరూ అడిగేది అదేనట. తర్వాత నైరుతి దిక్కున ఆర్ఎస్ ఓఫియుకి ఎక్కడుందో వేలితో చూపించింది. ఆపై పడమటికి తిరిగి, అర్ధచంద్రాకారపు ఉత్తర కిరీటం పక్కన టెలిస్కోప్ నిలిపింది. కళ్లద్దంలో ఒక మసక చుక్క. టి కరోనే బొరియాలిస్. 1866లో పేలింది, 1946లో పేలింది. మామూలుగా టెలిస్కోప్ లేనిదే కనిపించదు, పేలితే ధ్రువ నక్షత్రమంత వెలుగుతుంది. ఆర్ఎస్ ఓఫియుకి కంటే మనకు దగ్గర. ఆ ఏడాదే పేలొచ్చని శాస్త్రవేత్తలు లెక్క కట్టడంతో ప్రపంచమంతా కాచుకుని కూర్చుంది.

"పేలిందా అని రోజూ అడుగుతారు సార్," అంది నవ్వుతూ. మేస్ వైపు చూశాను. అమావాస్య చీకట్లో అది కనిపించలేదు, అది ఉన్నచోట కొన్ని చుక్కలు మాత్రం లేవు. మరోసారి కళ్లద్దంలోకి వంగాను. చుక్క అలాగే ఉంది. చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. ఆవిడ తెర పక్కకు నెట్టి లోపలికి వెళ్లి, వెలుతురు బయటికి రాకుండా తెర మళ్లీ సర్దింది.