ఫ్రిజ్ మీది సాలెపురుగు

అయిదు వేలు పోసి కొన్న వస్తువు మూడు వారాలపాటు ఫ్రిజ్ మీద, పాత క్యాలెండరుకీ కరెంటు బిల్లులకీ మధ్య పడి ఉంటే ఏ ఇల్లాలి ప్రాణం ఊరుకుంటుంది చెప్పండి? పైగా కొన్నది నేనే. ఇంకొకరిని అనడానికి కూడా లేదు.

2023 దసరా సెలవుల సంగతి ఇది. మా వాడికి అప్పుడు పద్నాలుగో ఏడు. వాడి చిన్నప్పుడు, 2018లో, డాలస్ నుంచి వస్తూ మా తమ్ముడు ప్లేస్టేషన్ 4 అనే ఆటల పెట్టె పట్టుకొచ్చాడు. దాంతోపాటు అదే సెప్టెంబరులో విడుదలైన స్పైడర్‌మాన్ ఆట కూడా. ఆ సాలెపురుగు మనిషి న్యూయార్కు మేడల మధ్య దారం పట్టుకుని ఊగుతూ పోతుంటాడు. మధ్యమధ్య ఆగి దొంగల్ని తంతుంటాడు. "ఇందులో ఏముందిరా, పొద్దస్తమానం!" అని విసుక్కునేదాన్ని. తీరా ఒకనాడు కుక్కరు పెట్టొచ్చి పక్కన కూర్చుంటే, పప్పు మాడిన వాసన వచ్చేదాకా నేను లేవలేదు.

కథ ఉందండీ అందులో! అద్దె కట్టలేక సామాను వీధిపాలు చేసుకునే కుర్రాడున్నాడు. తండ్రిలాంటి గురువే చివరికి శత్రువైతే చెయ్యి ఆడని శిష్యుడున్నాడు. ఒక్క మోతాదు మందే మిగిలితే, దాన్ని పెంచిన పెద్దమ్మకివ్వాలా, ఊరందరి కోసం దాచాలా అన్న దగ్గర నేను కొంగుతో కళ్ళొత్తుకున్నాను. నవలలు రాసుకునే దాన్ని, నాకే తట్టలేదే ఇలాంటి ఘట్టం అని కాస్త కుళ్ళుకున్నాను కూడా.

ఆ రోజుల్లో సాయంత్రం అయ్యేసరికి పై వాటా అబ్బాయి మా ఇంట్లో ప్రత్యక్షం. ఆట ఒక్కరే ఆడేది. అంచేత వాళ్ళకో ఒప్పందం. స్పైడర్‌మాన్ చచ్చేదాకా ఒకడు, చచ్చాక రెండోవాడు. మా వాడు త్వరగా చచ్చేవాడు. "ఆంటీ, వీడికి తొందరెక్కువ," అని ఆ అబ్బాయి నాకు ఫిర్యాదు చేసేవాడు. ఇద్దరికీ కలిపి ఉప్మా చేసేదాన్ని.

2023 వేసవిలో పై వాటాలో ప్లేస్టేషన్ 5 కొన్నారు. అంతే, ఆ అబ్బాయి కిందికి రావడం మానేశాడు. మావాడు పైకి వెళ్ళడం మానేశాడు. తగవు లేదు, మాటా మాటా అనుకున్నది లేదు. ఆడపిల్లలైతే ఎందుకలిగారో పదిమందికీ చెబుతారు. మగపిల్లలు సుతరామూ చెప్పరు. లిఫ్టులో ఎదురైతే ఇద్దరూ సెల్‌ఫోన్లలోకి తలలు దించుకునేవారు.

ఇలా ఉండగా అక్టోబరు 20న ఆ ఆటకి రెండో భాగం వచ్చింది. పిల్లాడి మొహం కాస్త తేటపడుతుందని నేనే కొట్టుకి వెళ్ళాను. కౌంటరు దగ్గర కుర్రాడు డబ్బా తీస్తూ, "ఫైవేనా మేడమ్?" అన్నాడు. డబ్బా మీద 4,999 అని కనిపిస్తూనే ఉంది. "ఫైవేనయ్యా, తెచ్చాను," అని పర్సు తీశాను. పాపం, వాడు అడగవలసింది అడిగాడు. నేనే ధర అనుకున్నాను.

ఇంటికొచ్చి చేతిలో పెట్టగానే మావాడు పైనున్న కాగితం చింపేశాడు. ఆ తర్వాత డబ్బా వెనక్కి తిప్పి చూశాడు. కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు.

"ఇది ఫైవ్‌కమ్మా. మనది ఫోర్."

"ఒక్కటేగా తేడా?"

"ఫోర్‌కి ఇది లేదు. రాదు కూడా," అని, నన్ను నొప్పించకూడదని కాబోలు, "పరవాలేదులే," అన్నాడు. ఆ "పరవాలేదులే" ఉంది చూశారూ, ఏడ్చినా బాగుండేది.

బ్యాంకు మనిషి కనక మా వారు వెంటనే లెక్క తేల్చారు. కొత్త పెట్టె అప్పటి ధర 54,990. "నాలుగుని అయిదు చెయ్యడానికి యాభై అయిదు వేలు. నీ సీరియల్స్ ఎన్ని రాస్తే వస్తుందది?" అన్నారు. ఆయన హాస్యం ఎప్పుడూ ఆ వైపు నుంచే వస్తుంది. కాగితం చించాక కొట్టువాడు వెనక్కి తీసుకోడు, అది న్యాయమే. డబ్బా ఫ్రిజ్ ఎక్కింది.

నాకు ఉక్రోషం పట్టలేదు. మొదటి భాగం ఇచ్చినవాళ్ళు రెండో భాగం ఎందుకివ్వరు? ఆ రాత్రి తమ్ముడికి ఫోను చేశాను. బి.ఏ. లిటరేచరు చదివిన అక్కకి కంప్యూటరు సంగతులు చెప్పడం వాడికి సరదా.

పాత పెట్టెలో ఆట అంతా గుండ్రంగా తిరిగే పళ్ళెం మీద ఉంటుందట. గ్రామఫోను ముల్లులాంటిది ఒకటి దాని మీద అటూ ఇటూ జరుగుతూ కావలసినవి వెతికి తెస్తుంది. స్పైడర్‌మాన్ ఊగుతూ వీధి మలుపు తిరిగేలోగా, ఆ వీధిలోని ఇళ్ళూ కార్లూ పోస్టు డబ్బాలూ అది అందించాలి. పోస్టు డబ్బా బొమ్మ పళ్ళెం మీద ఒక్కచోటే ఉంటే ప్రతి వీధికీ అక్కడిదాకా పరుగెత్తి రావాలి. అంత వ్యవధి ఉండదు. అంచేత అలాంటి కొన్ని వస్తువులకి 400 దాకా నకళ్ళు తీసి, ఏ వీధికి కావలసినవి ఆ వీధి పక్కనే పెట్టారట. ఈ మాట చెప్పింది ఎవరో కాదు, ప్లేస్టేషన్ 5 రూపకల్పనకి పెద్దదిక్కైన మార్క్ సెర్నీ, 2020 మార్చిలో.

ఇది నాకు ఇట్టే అర్థమైపోయింది. మీకూ అర్థమవుతుంది. ఉప్పు జాడీలో ఒక చెంచా, కారంలో ఒకటి, పసుపులో ఒకటి ఎందుకు పడేసి ఉంచుతాం? నూనె కాగుతుంటే ఒకే చెంచా కడిగి, తుడిచి, మళ్ళీ వెతుక్కునే తీరిక ఉండదు కనక. అలమార నిండా చెంచాలే అవుతాయి, అది వేరే సంగతి. స్పైడర్‌మాన్ ఎంత జోరుగా ఊగవచ్చు అన్నది కూడా ఆ ముల్లు ఎంత జోరుగా వడ్డించగలదన్న దాన్నిబట్టే ఉండేదట. వంట మనిషి చేతివాటాన్ని బట్టి పంక్తి నడిచినట్టన్నమాట.

కొత్త పెట్టెలో పళ్ళెమూ లేదు, ముల్లూ లేదు. 2019లో సెర్నీ ఒక పత్రిక వాళ్ళకి ఇదే స్పైడర్‌మాన్ ఆట పెట్టి చూపించాడు. ఊళ్ళో ఒకచోటి నుంచి ఇంకోచోటికి మారడానికి పాతదానికి 15 సెకన్లు పట్టింది, కొత్తదాని నమూనాకి 0.8 సెకను పట్టింది. రెండో భాగాన్ని ఆ వేగాన్ని నమ్ముకునే కట్టారు. ఊరు ఈస్ట్ రివర్ దాటి బ్రూక్లిన్, క్వీన్స్ దాకా పెరిగింది. వీరుడికి గాలిలో తేలిపోయే రెక్కలొచ్చాయి. పీటర్, మైల్స్ అని ఇద్దరు స్పైడర్‌మాన్లు, ఊళ్ళో తిరుగుతూ ఒకరి నుంచి ఇంకొకరిలోకి చిటికెలో మారిపోవచ్చు.

"అయితే పాపం, ఎవరి తప్పూ లేదన్నమాట," అన్నాను.

తమ్ముడు నవ్వాడు. "అక్కా, పాత పెట్టెకి ఎందుకు రాలేదో చెప్పానంతే. మైక్రోసాఫ్ట్ వాళ్ళ కొత్త ఎక్స్‌బాక్స్‌లో కూడా పళ్ళెం లేదు. మరి దానికెందుకు రాలేదు?"

ఒక తలుపుకి రెండు తాళాలు! రెండోది ఒప్పందాల తాళం. సినిమా హక్కులు సోనీవి కనక ఆట కూడా సోనీదే అయిందనుకున్నాను నేను. కాదట. సినిమాల పద్దు వేరు, ఆటల పద్దు వేరు. ఆటల హక్కు మార్వెల్ దగ్గరే ఉంది. 2014 దాకా ఈ స్పైడర్‌మాన్ ఆటలు యాక్టివిజన్ అనే సంస్థ పేరన, ఏ పెట్టె ఉన్నవాళ్ళకి ఆ పెట్టెలో నిక్షేపంలా దొరికేవి. ఆ ఏడాదే మార్వెల్ ఆటల విభాగానికి వచ్చిన జే ఆంగ్, ఈసారి మంచి సంబంధం చూడాలనుకున్నాడు. ఇటు మైక్రోసాఫ్ట్ గడపా, అటు సోనీ గడపా తొక్కాడు. మైక్రోసాఫ్ట్ వాళ్ళు మా పిల్లల్ని మేం చూసుకోవాలి అన్నట్టు, సొంత కథానాయకుల మీదే దృష్టి పెడతామన్నారు. సోనీ వాళ్ళు తాంబూలాలు పుచ్చుకున్నారు. అంటే ఈ పిల్లని కోరి ఎత్తుకుపోయింది ఎవరూ లేరు. ఒకరు వద్దన్నారు, ఒకరు సరేనన్నారు.

ఆట తయారు చేసింది కాలిఫోర్నియాలోని ఇన్సోమ్నియాక్ అనే సంస్థ. నిద్రపట్టనివాడు అని ఆ పేరుకి అర్థం. నాబోటి రచయిత్రులు పెట్టుకోవలసిన పేరు. 1994 నుంచి ఎవరి కిందా లేకుండా బతికినవాళ్ళు. 2014లో ఎక్స్‌బాక్స్‌కి కూడా ఒక ఆట చేసి ఇచ్చారు. 2018లో స్పైడర్‌మాన్ మూడు రోజుల్లో 33 లక్షల కాపీలు అమ్ముడైంది. మరుసటి ఏడాది ఆగస్టులో ఆ సంస్థనే కొనేస్తున్నామని సోనీ ప్రకటించింది. 22 కోట్ల 90 లక్షల డాలర్లు. ఇక ఆ ఇంట్లో పుట్టిన బిడ్డ వేరే ఇంటి పేరు పెట్టుకుంటుందా?

ఇంతా చేసి వాళ్ళు పెట్టె మీద బాగా సంపాదిస్తున్నారేమో అనుకుంటే, అదీ కాదు. మొదట్లో ప్లేస్టేషన్ 5ని తయారీ ఖర్చుకన్నా తక్కువ ధరకి పెట్టామని సోనీయే చెప్పుకుంది. లాభమంతా ఆటల మీద. అంచేత ముందు పెట్టె ఇంట్లోకి చేరాలి. పెట్టె చేరాలంటే, ఇంకెక్కడా దొరకని కథ ఒకటి కావాలి. ఏం జరిగిందో తెలుసుకోకుండా ఉండలేని పిల్లలు కావాలి.

ఇక్కడికొచ్చేసరికి నేను ఫోన్లో మాట్లాడటం మానేశాను. తమ్ముడు "హలో, హలో" అంటున్నాడు.

పదిహేనేళ్ళ కిందటి మాట. నా నవల ఒకటి ఒక వీక్లీలో సీరియల్‌గా వచ్చింది. కథానాయిక పుట్టింటి గడప దిగి రైల్వే స్టేషనుకి బయలుదేరడంతో ఆపాను. రెండో భాగం రాయమని పాఠకులు ఉత్తరాలు రాశారు. అప్పుడే ఇంకో పత్రిక వాళ్ళు వచ్చి, ఆ రెండో భాగం మాకే ఇవ్వండి, ఇంకెక్కడా రాకూడదు, ఇంత ఇస్తాం అన్నారు. మొదటి పత్రిక ఇచ్చినదానికి రెట్టింపు. ఆ నెలలో మా వారికి బదిలీ, ఇంటి అడ్వాన్సు కట్టాలి. కాదనడానికి నాకేం పట్టింది? సంతకం పెట్టాను.

రెండు నెలల తర్వాత ఒక ఇన్‌లాండు ఉత్తరం వచ్చింది. ఒక పల్లెటూరి నుంచి, ఎవరో గృహిణి. వాళ్ళ ఊరి లైబ్రరీకి మొదటి పత్రికే వస్తుందట. రెండోది బస్టాండులో కూడా దొరకదట. "మీరు పత్రిక మార్చారని తెలిసింది. మాకు ఆ పుస్తకం రాదు. ఆ అమ్మాయి రైలెక్కిందో, వెనక్కి వచ్చేసిందో ఒక్క ముక్క రాయండి చాలు," అని ఉంది. జవాబు రాద్దామని ఆ ఉత్తరాన్ని నిఘంటువులో పెట్టాను. ఇప్పటికీ అక్కడే ఉంది. ఒప్పందం ప్రకారం కథ బయటికి చెప్పకూడదని అప్పట్లో నాకు నేను చెప్పుకున్నాను. ఒక కార్డు ముక్క రాస్తే ఎవరు కోర్టుకి లాగుతారు? అసలు సంగతి బద్ధకం. బద్ధకం కింద సిగ్గు.

ఇదంతా భోజనాల దగ్గర మా వాడికి చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు. వాడు ముద్ద చేతిలో పట్టుకుని విన్నాడు.

"అయితే రైలెక్కిందా, లేదా?" అన్నాడు.

"ఎక్కింది."

"మరి ఆవిడకి చెప్పవా?" అని, వెంటనే, "అవున్లే, ఎక్కువిస్తామన్నారుగా," అన్నాడు. ఎత్తిపొడుపు కాదు. నిజంగానే, లెక్క అర్థమైనట్టు అన్నాడు. మా వారు పెరుగు గిన్నె నావైపు జరిపారు.

ఆ కొత్త ఆటకి కూడా ఒకనాటికి రెండో తాళం కాస్త సడలింది. 2025 జనవరి 30న కంప్యూటరుకి వచ్చింది, వీక్లీలో అయిపోయాక నవల అచ్చేసినట్టు. కాని పద్నాలుగేళ్ళ వాడికి పదిహేను నెలలు ఆగమంటే ఏం చెప్పగలం?

మూడు వారాలయ్యాక, దీపావళి ముందు దుమ్ము దులుపుతూ డబ్బా తీశాను. అమ్మేద్దాం అన్నాను. "పై వాటాలో ఇచ్చెయ్యరాదూ? పెట్టె వాళ్ళింట్లో, ఆట మనింట్లో. తోడు పెట్టుకోడానికి మజ్జిగ బొట్టు ఇస్తావు గదా!" అన్నారు మా వారు. మా వాడు వినపడనట్టు గదిలోకి వెళ్ళిపోయాడు. నేనూ బలవంతపెట్టలేదు. తనకి లేనిది ఉన్నవాడి గుమ్మం ఎక్కడం ఎంత కష్టమో పెద్దవాళ్ళం, మనకి మాత్రం తెలియదూ?

ఆదివారం పొద్దున బెల్ మోగింది. పై వాటా అబ్బాయి. చేతిలో వాళ్ళమ్మ పంపిన జంతికల డబ్బా.

"ఆంటీ, మీ దగ్గర స్పైడర్‌మాన్ టూ ఉందటగా! అంకుల్ లిఫ్టులో చెప్పారు. మా నాన్న ఇప్పుడప్పుడే కొననన్నారు," అన్నాడు. తర్వాత గది తలుపు వైపు చూస్తూ, కాస్త గట్టిగా, "ఒక్కణ్ణే ఆడితే బోరు ఆంటీ. చచ్చినా మళ్ళీ నేనే ఆడాలి," అన్నాడు.

గదిలోంచి సమాధానం లేదు. నేను జంతికలు గిన్నెలో పోసి, ఖాళీ డబ్బా పంపకూడదని నాలుగు అరిసెలు పెట్టి వచ్చేసరికి ఫ్రిజ్ మీద ఆట లేదు. గుమ్మంలో మావాడి చెప్పులూ లేవు. అరిసెలు నేనే పైకి పట్టుకెళ్ళాల్సి వచ్చింది.

రాత్రి తొమ్మిదికి దిగాడు. పెరుగన్నం కలిపి పెడుతూ, "ఏమైందిరా కథ?" అన్నాను. మొహం వెలిగిపోతుండగా చెప్పడం మొదలుపెట్టాడు. ఇసుకతో చేసిన మనిషి ఊరి మీద పడటం, చిన్ననాటి స్నేహితుడు తిరిగి రావడం, ఇద్దరూ పాత బడి గోడ దూకడం... చెబుతూ చెబుతూ మధ్యలో ఆపి చెయ్యి కడుక్కోవడానికి లేచాడు.

"తర్వాత?" అన్నాను.

"వచ్చే ఆదివారం," అన్నాడు.